ముందుకా, వెనక్కా? – చలన దిశ, చూపు, తీర్పు

మన విమర్శలో రోజూ దొర్లే మాటలు కొన్నిటిని వరసగా పెట్టి చూడండి. ప్రగతి, పురోగమనం, తిరోగమనం, అభ్యుదయం, ఉద్యమం. అన్నీ కదలికను చెప్పే మాటలే. మన తత్వశాస్త్రానికి మనం పెట్టుకున్న పేరులోనే గతి ఉంది. గతితర్కం అంటున్నాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకున్న నాటినుంచీ, ఒక రచన చేతికి వస్తే మనం వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఎటు పోతోంది?

ఆ ప్రశ్న వెయ్యటం తప్పని నేననను. వెయ్యనివాడు కూడా ఎటో ఒకవైపు పోతూనే ఉంటాడు. కాని ఎటు పోతోందో చూసి చెప్పటానికి మనకున్న చూపు ఎలాంటిది, అది ఎక్కడ తప్పుతుంది, తప్పినప్పుడు ఎలా సరిదిద్దుకుంటుంది అన్న ప్రశ్న మాత్రం మనం చాలినంతగా వేసుకోలేదు. నేను అసలే వేసుకోలేదు. దాని ఫలితం ఒక కుర్రవాడు అనుభవించాడు. అంచేత ఈ వ్యాసాన్ని అక్కణ్ణించే మొదలుపెట్టటం న్యాయం.

కొన్నేళ్ళ కిందట మా కళాశాలలో శనివారం సాయంత్రాలు విద్యార్థులు తమ రచనలు చదివేవాళ్ళు. తెలుగు అధ్యాపకుణ్ణి గనక చివర నాలుగు మాటలు చెప్పటం నా వంతు. ఒకనాడు బి.ఏ. రెండో సంవత్సరం కుర్రవాడొకడు ద్విపదలో రాసిన కావ్యఖండం చదవటం మొదలుపెట్టాడు. నేతపనివారి ఇంటి పిల్లవాడు. చౌడేశ్వరికి మొక్కుతో ఎత్తుకున్నాడు. తర్వాత గుంట మగ్గం, పడుగు, పేక, తండ్రి కాళ్ళు. ఇరవై ముప్ఫై పాదాలు విని నేను చెయ్యెత్తాను. "బాగానే రాశావు గాని ఇది వెనక్కి నడిచే కవిత్వం. దేవతాస్తుతితో, పాత ఛందస్సుతో ఈనాటి నేతగాడి బాధ ఎలా చెబుతావు?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు కాయితాలు మడిచి కూచున్నాడు. మరో శనివారం మాత్రం రాలేదు.

నా మాటలో ఉన్న మొదటి తప్పు శాస్త్రానికి సంబంధించింది. పాల్కురికి సోమన పండితుల కోసం కాక పదిమందీ పాడుకోవటానికి ద్విపదను ఎంచుకున్నాడని ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి నేనే. రెండో తప్పు అంతకంటె పెద్దది. అది చూపుకు సంబంధించింది. దాన్ని అర్థం చేసుకోవటానికి మా కళాశాల జంతుశాస్త్రం అధ్యాపకుడొకాయన నాకు చేయించిన చిన్న ప్రయోగం తోడ్పడింది. పాఠకులు కూడా చేసి చూడవచ్చు. ఖర్చేమీ లేదు.

ఒక తెల్లకాయితం మీద ఎడమ కింది మూలనుంచి కుడి పై మూలకు ఒక ఏటవాలు గీత గియ్యండి. ఒక అట్టముక్కలో రూపాయి బిళ్ళంత గుండ్రటి కన్నం చెయ్యండి. గీత కొసలు కనబడకుండా అట్టను కాయితం మీద ఉంచి, ఒక్క కంతలోంచే చూస్తూ, కాయితాన్ని కుడివైపుకు జరపమని పక్కవాడితో చెప్పండి. గీత కుడివైపుకు పోతున్నట్టు కనబడదు. ఏటవాలుగా కుడి దిగువకు జారుతున్నట్టు కనబడుతుంది. ఇప్పుడు కాయితాన్ని కుడికి కాక నేరుగా కిందికి లాగమనండి. మళ్ళీ అదే దృశ్యం. గీత కుడి దిగువకే జారుతుంది. కాయితం రెండుసార్లు రెండు దిక్కులకు పోయింది. కంటికి మాత్రం ఒకటే దిక్కు కనిపించింది.

దీనికి కారణం మన అజాగ్రత్త కాదు. గీత తన పొడుగునే జరిగితే ఆ జరగటానికి కంతలో ఏ గుర్తూ మిగలదు. గీతలో ఒక భాగం పోయి అలాంటిదే మరో భాగం వస్తుంది. అడ్డంగా జరిగిన మేరకే కంటికి అందుతుంది. అంచేత కంతలోంచి చూసేవాడికి గీత ఎప్పుడూ తన వాలుకు లంబంగానే కదిలినట్టు తోస్తుంది. అంటే మనం చలనాన్ని చూశామనుకుంటాం గాని నిజానికి చూసింది గీత వాలును. కదలిక ఎటైనా సరే, వాలును బట్టి తీర్పు ముందే ఖాయమైపోయింది!

ఈ విషయాన్ని క్షుణ్ణంగా పరిశీలించినవాడు హాన్స్ వాలాక్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. కంటికి కనిపించే చలన దిశను గురించి అతను రాసిన పరిశోధన 1935లో బెర్లిన్‌లో అచ్చయింది. గీత కొసలు కనబడినా, గీత మీద ఒక్క చుక్క ఉన్నా, సందేహం తీరిపోతుంది. చుక్కకు వాలు లేదు గనక అది ఎటు పోతే అటే కనబడుతుంది. కంత ఆకారం కూడా తీర్పును మారుస్తుంది. కొన్ని క్షౌరశాలల ముందు ఏటవాలు చారలున్న గొట్టం గిరగిర తిరుగుతూ ఉంటుంది. గొట్టం పక్కకు తిరుగుతుంది. చారలు మాత్రం పైకి ఎక్కిపోతున్నట్టు కనబడతాయి. చారల కొసలు నిలువుటంచుల మీద జారటమే దానికి కారణం. ఆ కొసలు గీత సొంతం కావు, చట్రం కోసి పెట్టినవి. కన్ను వాటిని గీత కొసలే అనుకుంటుంది. పొడుగాటి చట్రంలో పెట్టి చూపిస్తే నిలువునా, వెడల్పాటి చట్రంలో పెట్టి చూపిస్తే అడ్డంగా పోయే కదలిక ఒక్కటే కావచ్చు.

ఇది అట్టముక్కలతో ఆడుకునే ఆట మాత్రమే అయితే ఈ పత్రికలో దానికి చోటు అక్కర్లేదు. కాని మన మెదడు పనిచేసే తీరే ఇది. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1959 నుంచి ప్రకటించిన పరిశోధనల్లో, పిల్లుల మెదడులోనూ కోతుల మెదడులోనూ కంటిచూపును మొదట అందుకునే పొరలో ఒక్కొక్క నాడీకణం దృశ్యంలో ఒక చిన్న ముక్కకే స్పందిస్తుందని తేలింది. వాటిలో చాలా కణాలు ఒక వాలున్న గీత ఒక దిక్కుకు కదిలితేనే మేలుకుంటాయి. అంటే ప్రతి కణమూ ఒక కంతలోంచి చూస్తోంది. దానికి తెలిసింది నిజంలో ఒక భాగమే. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

మరి మనకు చలన దిశ సరిగ్గా ఎలా తెలుస్తోంది? ఆ కణాల నివేదికలన్నీ మెదడులో మరో ప్రాంతానికి చేరతాయి. శాస్త్రజ్ఞులు దానికి ఎమ్.టి. అని పేరుపెట్టారు. రెండు రకాల వాలుగీతలు ఒకదానిమీద ఒకటి పడి అల్లికలా కదిలినప్పుడు మొదటి పొరలోని కణాలు వేటి గీతను అవే చెబుతాయి. ఎమ్.టి.లో మాత్రం కొన్ని కణాలు అల్లిక మొత్తం ఎటు పోతోందో చెబుతాయని 1985లో మూవ్‌షన్, అతని సహచరులు చూపించారు. 2001లో ప్యాక్, బార్న్ అనే ఇద్దరు కోతుల మీద చేసిన పరిశోధన నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. గీత కదలగానే ఎమ్.టి. కణాలు కూడా మొదట కంతలోంచి చూసినట్టే, వాలును బట్టే తీర్పు చెబుతాయి. తర్వాత సుమారు 60 మిల్లీ సెకన్ల వ్యవధిలో కొసల సమాచారం అందుకొని క్రమంగా అసలు దిక్కుకు తిరుగుతాయి. ఒక రెప్పపాటు కూడా పట్టదు. కాని ఆ కాస్త వ్యవధీ కావాలి. మొదటి తీర్పు తప్పుతుంది. తప్పని తెలుసుకొని దిద్దుకోవటం కూడా చూపులో భాగమే.

నేను ఆ శనివారం చేసింది మొదటి క్షణంలోనే ఆగిపోవటం. ఛందస్సు అనే గీత వాలు చూశాను, దిక్కు చెప్పేశాను. కొసలు చూడలేదు. చూడలేదనటం కూడా సరికాదు, చూడనివ్వలేదు.

ఇక్కడ ఒక వాదం వస్తుంది. దానికి సమాధానం చెప్పకుండా ముందుకు పోవటానికి వీల్లేదు. "కన్ను ఇంతగా మోసపోతే నీకు తెలిసిన చలనమంతా అనుభూతే గదా? బయట నిజంగా ఒక దిక్కు ఉందని ఎలా అంటావు? ఎవరి కంత వారిది, ఎవరి దిక్కు వారిది" అంటారు కొందరు. ఇది కొత్త వాదమేమీ కాదు. ఎర్నెస్ట్ మాఖ్ స్వయంగా చలనానుభూతి మీద గొప్ప పరిశోధన చేసినవాడు. 1875లో దానిమీద పుస్తకమే రాశాడు. అలాంటివాడే చివరికి వస్తువులంటే అనుభూతుల సముదాయాలే అన్నాడు. లెనిన్ 1909లో ప్రకటించిన గ్రంథంలో ఖండించింది ఈ ధోరణినే. ఈ వాదం ఈనాడు మరో వేషంలో మన తరగతి గదుల్లోకి వచ్చింది. ఎవరి కథనం వారిది, ఏ కథనానికీ మరో కథనం మీద తీర్పు చెప్పే హక్కు లేదు అంటున్నారు. వినటానికి ఇది ఎంతో ఉదారంగా ఉంటుంది. ఆచరణలో మాత్రం దెబ్బతిన్నవాడి మాటనూ కొట్టినవాడి మాటనూ ఒకే తక్కెట్లో వేసి చేతులు కడుక్కుంటుంది.

దీనికి అట్టముక్కే సమాధానం చెబుతుంది. కంతలోంచి చూసింది తప్పని మనకు ఎలా తెలిసింది? అట్ట తీసి చూశాం గనక. కాయితాన్ని జరిపినవాడు చెప్పాడు గనక. తప్పును తప్పని గుర్తించగలిగామంటేనే దానికి అవతల ఒక నిజం ఉందన్నమాట. పైగా చలనానుభూతి గాలిలో పుట్టేది కాదు. 1990లో న్యూసమ్ బృందం కోతుల ఎమ్.టి. ప్రాంతంలోకి అతి స్వల్పమైన విద్యుత్తు పంపితే, చుక్కలు ఎటు కదిలాయన్న విషయంలో వాటి తీర్పు ఆ కణాలకు ఇష్టమైన దిక్కుకే మొగ్గింది. ఇది పదార్థం చేసే పని. ఆ పదార్థం పాడైతే ఏమవుతుందో కూడా తెలుసు. మెదడులో రెండు పక్కలా దెబ్బతిని చలనాన్ని చూసే శక్తిని పోగొట్టుకున్న ఒక స్త్రీని గురించి మ్యూనిక్ వైద్య పరిశోధకులు 1983లో వివరించారు. ఆమెకు రంగులు, ఆకారాలు తెలుస్తాయి. కాని కప్పులో పోసే టీ గడ్డకట్టినట్టు కనబడేది. కప్పు నిండిందని తెలియక పొర్లిపోయేది. దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి పక్కనే ఉండేది. రోడ్డు దాటటమే గండమైపోయింది. దిక్కు అనేదే లేదని వాదించేవాడు కూడా రోడ్డు దాటేటప్పుడు కారు ఎటు వస్తోందో చూసుకుంటాడు. చూసుకోకపోతే వాదించటానికి మిగలడు.

కనక చలనమూ ఉంది, దిశా ఉంది, దాన్ని తెలుసుకోవటమూ సాధ్యమే. సాధ్యమే గాని అది అప్పనంగా రాదు. దాని విషయంలో మనకు అడ్డుపడేవి కంతలు మాత్రమే కావు. మరి రెండున్నాయి.

మొదటిది చట్రం. మబ్బులు కదిలే రాత్రి చంద్రుడు పరుగెత్తుతున్నట్టు కనబడటం చిన్నప్పుడు మనందరం చూసిందే. వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కిందికి పోయే నీళ్ళకేసి తదేకంగా చూస్తే బ్యారేజీయే ఎదురెక్కి పోతున్నట్టుంటుంది. కార్ల్ డుంకర్ అనే యువకుడు 1929లో దీన్ని చీకటిగదిలో ప్రయోగం చేసి చూశాడు. ఒక వెలుగు చుక్క, దాని చుట్టూ ఒక చట్రం. చట్రాన్ని మెల్లిగా జరిపితే, జరగని చుక్కే జరిగినట్టు కనిపించింది. పెద్దదిగా చుట్టూ ఆవరించి ఉన్నదాన్ని కన్ను నిలకడగా ఉన్నట్టు ఎంచుతుంది. కదలికనంతా మధ్యలో ఉన్న చిన్నదానికి అంటగడుతుంది.

ఈ డుంకర్ తండ్రి హెర్మన్ డుంకర్ జర్మన్ కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడు. నాజీలు వచ్చాక కార్ల్ ఉద్యోగం పోయింది. ఇంగ్లండుకూ, అక్కణ్ణించి అమెరికాకూ వెళ్ళి, 1940లో, 37వ యేట తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాలాక్ కూడా 1936లో జర్మనీ విడిచి అమెరికా చేరాడు. చలన దిశను మనిషి ఎలా తెలుసుకుంటాడో పరిశోధించినవాళ్ళకు, దేశమంతా ముందుకు కవాతు చేస్తోందని చాటిన చోట నిలవనీడ లేకపోయింది. ఒక చట్రం మొత్తం కదిలిపోతుంటే, దానితో కదలనివాళ్ళే తప్పుదారి పట్టినట్టు కనిపించారు.

మన దగ్గర మాత్రం? కూలి పెంచమని పనివాళ్ళు సమ్మె చేస్తే "శాంతికి భంగం కలిగింది" అంటాం. ధరలు పెరిగి, కూలి విలువ తరిగి, వాళ్ళ కాళ్ళ కింద నేల ఎన్నేళ్ళుగానో జరిగిపోతూ ఉన్న మాట ఎవరికీ కనబడదు. అది చట్రం, అది కదలదని మన నమ్మకం. పేదలు బంజరు మీద గుడిసె వేసుకుంటే "ఆక్రమించారు" అంటాం. ఆ భూమి వాళ్ళ తాతలనుంచి ఎలా జారిపోయిందో చెప్పే క్రియాపదం మన వార్తల్లో దొరకదు. కదిలింది ఎవరు, కదిలించింది ఎవరు అన్న ప్రశ్న నీతిశాస్త్రంలో మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు మన కన్ను మొదటి చూపులో బలవంతుడి పక్షానే జవాబు చెబుతుంది. దురుద్దేశం ఉండనక్కర్లేదు. తొందరపాటు చాలు.

రెండోది చూసేవాడి సొంత కదలిక. ఒక కన్ను మూసుకొని, తెరిచిన కంటిని రెప్పమీదుగా పక్కనుంచి వేలితో మెల్లిగా నొక్కితే లోకమంతా కదులుతుంది. కాని మనంతట మనం కన్ను తిప్పితే లోకం నిలకడగానే ఉంటుంది. హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గురించి ఆలోచించాడు. కన్ను తిప్పమని ఆజ్ఞ ఇచ్చిన మెదడు ఆ ఆజ్ఞ తాలూకు నకలు ఒకటి తన దగ్గర ఉంచుకొని, కంటికి కనిపించిన కదలికలోంచి తన కదలికను తీసివేసుకుంటుందని 1950లో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌ష్టెట్ సిద్ధాంతీకరించారు. వేలితో నొక్కినప్పుడు ఆ లెక్క లేదు గనక మన కదలిక లోకానికి అంటుకుంటుంది.

ఈ మాట చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. మా తండ్రిగారు పల్లెలో చిన్న రైతు. నేను చదువుకొని పట్నం వచ్చి, నెలజీతం పుచ్చుకొని, వచనకవిత్వం మీద ఉపన్యాసాలిస్తున్నాను. ఆ నేతకుర్రవాడి మొక్కు, వాడి ద్విపద నాకు వెనక్కి పోతున్నట్టు ఎందుకు కనబడ్డాయి? రైల్లో కూచున్నవాడికి చెట్లు వెనక్కి పోవూ? వాడు నిలబడ్డచోటునుంచి వాడి దారిన వాడు కదులుతున్నాడు. నేను వాడికి దూరంగా పోతున్నాను. నా కదలికను లెక్కలోంచి తీసివెయ్యకుండా దాన్ని వాడి ఖాతాలో రాశాను. మధ్యతరగతి విమర్శకులం "జనం వెనకబడి ఉన్నారు" అన్నప్పుడల్లా ఈ లెక్క ఒకసారి చూసుకోవటం మంచిది.

ఉపమానం నిరూపణ కాదని నాకు తెలుసు. నాడీకణాలు పనిచేసినట్టే సమాజం పనిచేస్తుందని నేను వాదించటం లేదు. కణానికి బాధ్యత లేదు, మనిషికి ఉంది. కణం తనంత తాను దిద్దుకుంటుంది. మనం దిద్దుకోవాలని నిశ్చయించుకుంటే తప్ప దిద్దుకోం. ఆ తేడా ఉండబట్టే ఇది నీతికి సంబంధించిన విషయం అయింది.

"ఇలా అన్ని కొసలూ చూసేదాకా ఆగితే ఎవరినీ ఏమీ అనలేం, అభివృద్ధి నిరోధకులకు ఆటవిడుపు" అని మిత్రులు అనవచ్చు. ఆ భయం నాకూ ఉంది. కాని మెదడు దిద్దుకోవటానికి తీసుకునేది 60 మిల్లీ సెకన్లు, అరవై ఏళ్ళు కాదు. కావలసినంత చూసి తీర్పు చెప్పమంటున్నాను, తీర్పు మానెయ్యమనటం లేదు. నిజంగానే మనుషుల్ని పాతకాలపు బానిసత్వంలోకి లాక్కుపోయే సాహిత్యం ఉంది. వచనకవితలోనూ ఉంది, ఎర్రజెండా పేరు చెప్పి రాసినదాంట్లోనూ ఉండవచ్చు. దాన్ని దాని పేరుతో పిలవాలి. కాని పిలిచేముందు చివరిదాకా వినాలి. మరో కంతలోంచి చూసినవాణ్ణి అడగాలి. నిలకడగా ఉందనుకున్న చట్రం కదులుతోందేమో చూడాలి. నా కదలిక ఎంతో లెక్క తీసెయ్యాలి. దీనికి పట్టే కాలం ఎక్కువ కాదు. ఆ శనివారం నాకు కావలసింది మరో పది నిమిషాలు.

రెండేళ్ళ తర్వాత ఆ కావ్యఖండం పూర్తి ప్రతి మరో విద్యార్థి దగ్గర దొరికింది. చివరి యాభై పాదాల్లో ఏముందో చెబుతాను. నేతగాడు చౌడేశ్వరి ఎదుట లెక్కల పుస్తకం విప్పుతాడు. షావుకారు ఇచ్చిన నూలెంత, నేసిన గజాలెన్ని, ముట్టిన కూలెంత, మిగిలిన అప్పెంత. అమ్మవారికని నేసిన చీర షావుకారి కొట్లో వేలాడుతోందని చూపించి, ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ మేము మొక్కింది నీకా, అతనికా అని అడుగుతాడు. మొక్కుతో మొదలైంది గనకనే ఆ ప్రశ్నకు అంత బలం వచ్చింది. ద్విపదలో ఉంది గనకనే అది వాళ్ళ అమ్మకు అర్థమవుతుంది. నేను వెనక్కి పోతోందన్న గీత అసలు దిక్కు ఇది.

ఆ కుర్రవాడిప్పుడు ఒక నూలు దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. వెతుక్కుంటూ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, కాయితాలు చేతికిచ్చాను. చూసి సొరుగులో పెట్టుకున్నాడు.

"మళ్ళీ రాయకూడదా?" అన్నాను.

"అప్పుడు రాయాలనిపించింది మాస్టారూ. ఇప్పుడు తీరికేదీ? అయినా అదంతా ఎప్పటి మాట లెండి" అన్నాడు. టీ తెప్పించాడు. కోపమేమీ లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది.

మా శనివారం సమావేశాల్లో ఇప్పుడొక నియమం పెట్టుకున్నాం. చదివేవాడు కాయితం కింద పెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అధ్యాపకుడు అందరికంటె చివర మాట్లాడాలి. చాలా చిన్న నియమం. మన సంఘం శాఖలన్నీ దీన్ని పాటిస్తే బాగుంటుందని నా మనవి. ఒక కవిని పోగొట్టుకున్న తర్వాత నేర్చుకున్న పాఠం గనక దీన్ని నా ఒక్కడి దగ్గరే ఉంచుకునే హక్కు నాకు లేదు.